వాచకమునకును పదవ తరగతికిని నడుమ

మన పత్రికలలో గ్రంథవిమర్శనములకు కొదవ లేదు. క్రొత్త కావ్యము వెలువడినచో దాని గుణదోషములను విచారించుటకు పదిమంది ముందుకు వత్తురు. నవలలోని పాత్రపోషణమును గూర్చి మాసములకొలది వాదములు జరుగును. కాని పగలెల్ల కూలిపని చేసి వచ్చి, రాత్రి దీపము ముందు కూర్చుండి, జీవితములో మొట్టమొదటిసారి పుస్తకము విప్పిన నలువదియేండ్ల స్త్రీ చేతిలోని వాచకమును విమర్శించినవారెవరు? ఆ పుస్తకమునకు పీఠిక వ్రాయుటకు అధికారులు కలరు. అచ్చువేయుటకు ద్రవ్యము కలదు. పంచిపెట్టుటకు సభలు కలవు. అది మంచి పుస్తకమా కాదా యని యడుగువారు మాత్రము అరుదు. దానిని చదువువారు తమ యభిప్రాయమును పత్రికలకు వ్రాసి పంపలేరు గదా! అందుచేత వారి పక్షమున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

నేను చెప్పబోవునది ముఖ్యముగా చిత్తూరు, తిరుపతి ప్రాంతములను గూర్చినది. 1988వ సంవత్సరమున దేశమంతటికిని జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడినది. దాని ననుసరించి 1990లో చిత్తూరు జిల్లాలో 'అక్షర తపస్మాన్' అను పేరుతో వయోజనులకు చదువు నేర్పు ఉద్యమ మారంభమయ్యెను. నాడు తిరుపతియు ఆ జిల్లాలోనిదే. 2022లో వేరు జిల్లా యైనది. పదునైదు మొదలు ముప్పదియైదేండ్ల వయస్సుగల వారిని కూర్చుండబెట్టి, మూడు భాగముల వాచకమును, ఇన్నూరు గంటలలో నేర్పవలయునని నియమము. పల్లెపల్లెనను చదువుకొన్న యువకులు జీతము లేకయే బోధకులైరి. ఆ పరిశ్రమను తక్కువచేసి మాటాడుట నా యుద్దేశము కాదు. 2011 జనాభా లెక్కలనాటికి ఆ జిల్లాలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి డెబ్బదియొక్కరికి మించిరి. స్త్రీలలో మాత్రము అఱువదిమూడుగురు. అనగా ఇంకను ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకతెకు పైగా అక్షరమునకు దూరముగానే యున్నది.

అయినను నా విచారము ఆ మిగిలినవారిని గూర్చి మాత్రమే కాదు. అక్షరాస్యులని లెక్కకు వచ్చినవారిని గూర్చియు నాకు సందేహము కలదు. వారికి ఏపాటి చదువు వచ్చినది? మిషన్ వారు పెట్టిన కొలత యిది: తమకు పరిచితమైన విషయముపై వ్రాసిన సులభవాక్యములను నిమిషమునకు ముప్పది మాటల చొప్పున పైకి చదువవలెను; చూచి వ్రాయుటలో నిమిషమునకు ఏడు మాటలు, చెప్పగా వ్రాయుటలో అయిదు మాటలు రావలెను; నూరు వరకు అంకెలు తెలియవలెను. ఇది గడప దాటుటకు తగిన కొలతయే. కాని గడప దాటినవా డూరు చేరినట్లు కాదు.

చదువరులు ఒక చిన్న లెక్క వేసి చూతురు గాక. పదవ తరగతి ప్రశ్నపత్రమున ఆరువందల మాటలున్నవనుకొందము. నిమిషమునకు ముప్పది చొప్పున దానిని చదువుటకే యిరువది నిమిషములు పట్టును. మూడుగంటల పరీక్షలో ఒక్క క్షణమైనను ఆలోచింపక, నిమిషమునకు అయిదేసి మాటలు వ్రాసినను, అంతయు తొమ్మిదివందల మాటలు మించవు. ఆలోచించుటకును, కొట్టివేసి దిద్దుకొనుటకును, ప్రశ్నను రెండవమారు చదువుకొనుటకును కాలము తీసివేసినచో మిగులున దెంత? ఇట్టి చేతిని అక్షరాస్యమని పొగడి, ఆ చేతికే పదవ తరగతి పరీక్షాపత్రము నిచ్చి, తప్పినచో 'వయస్సు మీరినవారికి చదువు రాదు' అని తీర్పు చెప్పుట న్యాయమా?

ఈ పరీక్ష వీరి కెందుకని కొందరడుగుదురు. పేరు వ్రాసికొన వచ్చిన చాలదా యందురు. పల్లెలోని అంగన్వాడీ కార్యకర్త పనికి పదవ తరగతి ఉత్తీర్ణత కావలెను. పొదుపు సంఘములో లెక్కల పుస్తకము వ్రాయువానికి ఆ చదువే ఆధారము. బిడ్డ చదువులకును, బ్యాంకు కాగితములకును, ఆస్పత్రి చీట్లకును చాలినంత చదువు కావలెనన్న ఇంచుమించుగా ఆ మెట్టు ఎక్కవలసినదే. కావున ఇది ఉబలాటము కాదు. జీవనోపాధికిని గౌరవమునకును సంబంధించిన విషయము.

చంద్రగిరి దాపున నొక పల్లెలో నేను చూచిన యొక సంగతి మనవిచేసెదను. ఆమె చెనక్కాయ చేలలో కూలికి పోవును. పొదుపు సంఘములో సభ్యురాలు. సంఘపు పుస్తకము వ్రాయుటకు వా రొక పిల్లవానికి నెలనెలకు కొంత సొమ్మిచ్చుచున్నారు. "వాడేం రాస్తాడో మాకేం తెలుసు? వాడు చదివిందే చదువు, మేం పెట్టిందే సంతకం" అని యామె నాతో ననెను. ఆ పుస్తకమును తానే వ్రాయవలెనని యామె కోరిక. అందుకై పదవ తరగతికి కట్టదలచెను. మొదటి వాచకమును నా ముందు గడగడ చదివెను. నాకు సంతోషమయ్యెను. కాని పుటపై బొమ్మను చేతితో కప్పి నడిమి వాక్యమును చదువుమన్నప్పుడు ఆమె నిలిచిపోయెను. పాఠమంతయు ఆమెకు కంఠస్థమే. చదువుట మాత్రము ఇంకను రాలేదు.

తరువాత పదవ తరగతి పుస్తకము తెరచితిమి. 'మృత్తికా క్రమక్షయము' అను మాట వచ్చెను. ఆమె ఒక్కొక్క యక్షరమునే పట్టుకొని, 'మృ' కడ కొంతసేపు, 'త్తి' కడ కొంతసేపు ఆగి, చివర కలిపి పలికి, అర్థము కాక నా ముఖము చూచెను. నేను వివరించితిని. ఆమె నవ్వి, "వానకు మన్నంతా కొట్టకపోతాదే, అదేగదా సార్? దానికింత పేరెందుకు?" అని యడిగెను. పిమ్మట మిట్టచేలలో మన్ను ఎట్లు కోసికొనిపోవునో, గట్టు ఎక్కడ తెగునో, గట్టు మీద కిత్తనార నాటినచో వేళ్లు మన్ను నెట్లు పట్టునో, చెట్లు కొట్టినప్పటినుండి వంక యెట్లు వెడల్పైనదో పావుగంటసేపు చెప్పెను. ఆ చెప్పిన దంతయు కాగితమున నున్నచో పూర్తి మార్కులు రావలసినదే. కాని కలము చేతికిచ్చినప్పుడు ఆమె వ్రాసినది రెండు పంక్తులు. ఆ రెంటిలోను ఆమె కంటితో చూచిన దొక్కటియు లేదు. పుస్తకములోని మాటలనే తప్పులతో నెత్తి వ్రాసెను.

ఇందు లోప మెవరిది? విషయజ్ఞాన మామెకు కలదు. మాటనేర్పు కలదు. నోటికిని కాగితమునకును నడుమ వంతెన లేదు. ఆ వంతెన కట్టవలసిన పుస్తకములను గూర్చియే నా విమర్శనము.

మొదట వాచకముల మాట. వీనిలో పెక్కింటి దోషము భాషలో గాక భావములో నున్నది. 'పరిశుభ్రముగా నుండుము, కల్లు త్రాగకుము, బిడ్డలను బడికి పంపుము' అని పుటపుటయు నొక ఉపదేశము. హితవే కావచ్చును. కాని ముగ్గురు బిడ్డలను పెంచి, కరవు కాలమున ఇల్లు నిలిపిన స్త్రీని ఎదుట కూర్చుండబెట్టుకొని, చేతులు కడుగుకొనుమని పెద్దక్షరములలో చెప్పుట ఆమెను బాలికగా చూచుటయే. ఉపదేశవాక్యమున కొక లోపము కలదు: దాని తుది మొదటనే తెలిసిపోవును. తుది తెలిసిన వాక్యమును చదువుటకు కన్ను శ్రమపడదు. తరువాత ఏమయ్యెనో యను ఆతురత గలచోటనే కన్ను ముందుకు పరుగెత్తును. చదువులో వేగము అట్లు వచ్చునేగాని ఆజ్ఞలవలన రాదు.

దీనికి నిదర్శనము పొరుగుననే యున్నది. నెల్లూరు జిల్లాలో 1991లో 'అక్షర దీపము' ఉద్యమము సాగినప్పుడు వాచకములలో 'సీతమ్మ కథ' యనియు, 'ఆడవాళ్లు ఏకమైతే' యనియు పాఠము లుండెను. ఊరి స్త్రీలు కూడి సారాయంగడిని మూయించిన కథ యది. దూబగుంట స్త్రీలు దానిని చదివి, ఆ కథ తమదే యని గుర్తించి, 1992లో తమ యూరి సారాయంగడికి అడ్డుపడిరి. ఆ నిప్పు జిల్లాలకు ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేదినుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అది 1997లో సడలింపబడెను. ఒక్క పాఠమే యింతటిపని చేసినదని నేననను. వారి యిండ్లలోని దుఃఖమే అసలు కారణము. రాత్రిబడి వారికి కూడుటకు చోటైనది. కాని ఆ దుఃఖమునకు మాట నిచ్చినది పాఠమే. 'సారాయి త్రాగకుము' అను వాక్యమునకును, 'సీతమ్మ యేమి చేసెను' అను కథకును గల వ్యత్యాసము ఇదియే. మొదటిదానిలో చదువరి దోషి. రెండవదానిలో చదువరి కర్త.

అయితే ఇక్కడ నొక హెచ్చరిక యవసరము. ఉత్సాహము వేరు, పఠనశక్తి వేరు. సభలో గొంతెత్తుట నేర్చిన స్త్రీకి పది పుటల పుస్తకము నొంటరిగా చదువుశక్తి దానంతట నది రాదు. ఉద్యమము ముగిసిన పిమ్మట చదువుటకు చేతిలో ఏమియు లేకున్నచో, నేర్చినది కొన్నియేండ్లలో మాసిపోవును. 1990లో ముప్పదియేండ్ల వయస్సున పలక పట్టినవారు నేడు అఱువది దాటినవారు. వారిలో వ్రేలిముద్రకు మరలినవారిని నేను చూచియున్నాను.

రెండవది, నడిమి మెట్ల మాట. నియమములలో మెట్లు లేకపోలేదు. 2009 మొదలు 2018 వరకు సాగిన సాక్షర భారత్ పథకమున ప్రాథమికాక్షరాస్యతకు పిమ్మట సమానవిద్య యుండవలెనని వ్రాసికొనిరి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారు మూడవ, అయిదవ, ఎనిమిదవ తరగతులకు సరియగు మూడు స్థాయిలను పెట్టిరి. 2022లో ఆరంభమైన ఉల్లాస్ పథకమునందును సమానవిద్య యొక యంగముగా నున్నది. కాని పల్లెలో ఏమి జరుగును? 1991లో నేర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠమున పదునాలుగేండ్లు నిండి, చదువను వ్రాయను వచ్చినవారు పదవ తరగతికే నేరుగా చేరవచ్చును. అయిదు విషయములు, అయిదేండ్ల గడువు, ఒకసారి గట్టెక్కిన విషయము మరల వ్రాయ నక్కరలేదు. ఇది మిక్కిలి యుదారమైన యేర్పాటు. బడి మానిన పిల్లల కిది గొప్ప మేలు. ఏడవ తరగతివరకు చదివి మానినవాడు దీనినుండి లాభము పొందును. కాని రాత్రిబడినుండి వచ్చిన స్త్రీకి ఈ యౌదార్యమే గోతియగుచున్నది. మూడవ మెట్టునుండి పదవ మెట్టున కెగురుటకు తలుపు తెరచియున్నది గనుక, నడుమ నడచుటకు మెట్లు కట్టు పని ఎవరికిని తొందరగా తోచదు.

అప్పు డామెకు దొరకునది గైడు. మూడవ విమర్శనము దీనిమీద. గైడు ప్రశ్నకు సమాధానము నిచ్చును. ప్రశ్నను చదువుట నేర్పదు. 'వివరించండి' అన్న నేమి వ్రాయవలెను, 'పోల్చండి' అన్న నేమి వ్రాయవలెను, 'కారణాలు తెలపండి' అన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగింపవలెను అనునది బడిపిల్లలకు పదేండ్ల అలవాటుచే వచ్చును. వయోజనులకు దానిని ప్రత్యేకముగా నేర్పవలెను. అది నేర్పక, సమాధానములను కంఠస్థము చేయించినచో, వాచకమునుగడగడ యొప్పగించిన యా పాత కథయే మరల జరుగును. కంఠస్థము కానివారికి చూచివ్రాతయే గతి. అట్లు వచ్చిన పత్రము గోడకు తగిలించుకొనవచ్చును. సంఘపు లెక్కల పుస్తకమును మాత్రము చదువజాలదు.

ఇక భాష మాట. ఈ చర్చ మన కిది క్రొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) బడిపుస్తకముల భాష నోటిభాషకు దగ్గరగా నుండవలెనని తమ జీవితమంతయు వాదించిరి. నే డచ్చగు పుస్తకములు వ్యావహారికమే. అయినను చిత్తూరు స్త్రీకది యెవరి వ్యావహారికము? ఆమె యెనుము పుస్తకములో గేదె యగును. ఆమె మడక నాగలి యగును. ఆమె చెనక్కాయ వేరుశనగ యగును. ఆమె యంగడి దుకాణ మగును. పిండి పులియుట 'కిణ్వప్రక్రియ' యగును. తొలిమెట్టున ఒక్కొక్క యక్షరమును పోల్చుకొనుటకే శ్రమపడువారికి, మాటయు క్రొత్తదే యైనచో, తాము చదివినది సరియో కాదో తెలిసికొనుట కాధారము పోవును. 'మడక' అని కూడబలుకుకొన్నప్పుడు చెవి వెంటనే ఔనని సాక్ష్యము చెప్పును; 'నాగలి' కడ చెవి యూరకుండును.

దీని కొక యాక్షేపము కలదు. మాండలికములో నేర్పినచో వారు మాండలికముననే నిలిచిపోరా? పరీక్షయు, అర్జీయు, పత్రికయు వేరు భాషలో నుండగా వారి నింకను దూరము చేసినట్లు కాదా? ఆక్షేపము త్రోసిపుచ్చదగినది కాదు. నేను చెప్పున దారంభమును గూర్చి, గమ్యమును గూర్చి కాదు. గమ్యము అందరికిని సామాన్యమైన భాషయే. కాని ఊరినుండి బయలుదేరువాడు తన యింటి గుమ్మమునుండియే బయలుదేరును. మడక యను మాటను చదివినవాడు, దాని ప్రక్కన నాగలిని చూచి, రెండును ఒక్కటియే యని తెలిసికొనుట కొక దినము చాలును. నేను వ్రాయుచున్న ఈ భాష వారికి పనికిరాదని నేనెరుగుదును. ఇది వారికై పాటుపడదగిన చదువరుల నుద్దేశించి వ్రాసినది.

ఆ సీమ పలుకుబడి అచ్చుకెక్కలేదని యనుకొనరాదు. దామలచెరువున ఉపాధ్యాయులై యుండిన మధురాంతకం రాజారాంగారి కథలకు 1993లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారు తమ సీమ మాటనే కథలుగా వ్రాసి తెలుగువారి నందరిని చదివించిరి. పండితులు మెచ్చుకొనిన యా మాటకు వయోజనుల బడిలో మాత్రము చోటు లేకపోవుట వింతగా లేదా?

మరియొక సాధనము తిరుపతిలో ఇంటింట నున్నది. అన్నమాచార్యుల సంకీర్తనములు చదువురానివారికిని నోటికి వచ్చును. నోటికి వచ్చిన పాటను అచ్చులో చూపినచో అక్షరములు త్వరగా పట్టుపడునని బోధకులు చెప్పుదురు. నిజమే, కాని జాగ్రత్త కావలెను. పాడుచు పుటమీద వ్రేలు జరుపుట చదువు కాదు. పాటలోని మాటలను విడదీసి, చీటీలపై వ్రాసి, కలిపివేసి, ఏది యేదో పోల్చుమన్నప్పుడే నిజము తేలును. జ్ఞాపకము చదువునకు ఊతకఱ్ఱ కావలెనేగాని ముసుగు కారాదు.

దోషములు చెప్పి ఊరకుండుట విమర్శకునికి తగదు. నాకు తోచిన మార్గమిది. మొదట అభ్యాసి నోటిమాటయే పాఠము కావలెను. ఆమె చెప్పగా బోధకుడు వ్రాయవలెను. వ్రాసినదానిని ఆమె చదువవలెను. మరునాడు తానే వ్రాయవలెను. మూడవనాడు దానినే పుస్తకభాషలోనికి మార్చవలెను. మన్ను కొట్టుకొనిపోవుటను గూర్చి ఆమె చెప్పిన పావుగంట మాట ఇట్లు నాలుగు దినములలో పరీక్షకు తగిన సమాధాన మగును. చివరి వాక్యములో 'దీనినే మృత్తికా క్రమక్షయ మందురు' అని చేర్చినచో ఆ పెద్దమాటయు ఆమెది యగును. వస్తువు ముందు, పేరు వెనుక రావలెను. మన పుస్తకములు పేరును ముందు పెట్టి వస్తువును వెనుకకు నెట్టుచున్నవి.

రెండవది, వేగమునకై ప్రతిదినము తుది తెలియని చిన్నకథ నొకదానిని, నాలుగైదు పుటలది, ఒంటరిగా చదివింపవలెను. మూడవది, మెట్లు సన్నముగా నుండవలెను. మదనపల్లె దాపున ఋషివ్యాలీవారు పల్లెబడుల పిల్లలకై చదువును చిన్నచిన్న చీటీలుగా విభజించి, ఎవరి మెట్టునుండి వారెక్కునట్లు చేసిన పద్ధతి పేరుపొందినది. వయోజనుల బడికి ఇంతకంటె తగిన పద్ధతి లేదు. ఏలయన, నాటులకును కోతలకును వారు నెలలకొలది రాలేరు. జూన్, జూలైలలో చెనక్కాయ విత్తువారు, అక్టోబరు, నవంబరులలో పెరుకువారు, తిరిగి వచ్చునప్పటికి తరగతి ముందుకు పోయియున్నచో సిగ్గుపడి మానివేయుదురు. చీటీల పద్ధతిలో విడిచినచోటనే మరల పట్టుకొనవచ్చును.

నాలుగవది పరీక్షనుగూర్చి. అమెరికాలో 1942లో, బడి మాని యుద్ధమునకు పోయిన సైనికులకై ఉన్నతపాఠశాలా సమానపరీక్ష నేర్పరచిరి. బడిలో నేమి పాఠములు చెప్పిరో వా రడుగలేదు. చదివి గ్రహించు శక్తి, విచారించు శక్తి కలవా యని యడిగిరి. పెద్దవారిని పెద్దవారిగా పరీక్షించుట యన నిది. మన పరీక్షలోను ఒక చదువని పేరా నిచ్చి అర్థము అడుగుట, తన యనుభవమునుండి కారణములు వ్రాయుమనుట పెరిగినకొలది గైడుల యధికారము తగ్గును.

ఇవన్నియు ప్రభుత్వము చేయవలసిన పనులని చదువరులు పుస్తకము మూయకుందురు గాక. మన యిండ్లలో పాత్రలు తోముటకు వచ్చు స్త్రీ, మన వీధిలో పూలమ్ము స్త్రీ సంతకము చేయగలరని మనకు తెలియును. ఒక పుట చదువగలరా యని ఎన్నడైన నడిగితిమా? ఆమె చెప్పిన మాటను మనము పది పంక్తులు వ్రాసి యిచ్చినచో, ఆమె చదువు మొదటి నిజమైన పాఠ మది యగును. ఆ యువతి చేతికి సంఘపు పుస్తకము వచ్చినదా యని మీరడుగవచ్చును. ఇంకను రాలేదు. కాని మొన్న సంతకము చేయుటకు ముందు ఆమె పుస్తకమును తనవైపు త్రిప్పుకొని, వ్రేలు పెట్టి, మొత్తపు అంకెను పైకి చదివినదని విన్నాను. వ్రాయువాడు ఆ దినము కొంత మెల్లగా వ్రాసెనట.